ఇటలీలో మీ ఊరి మేయర్‌కి ఓటు వేయడం ఎలా?

ఇటలీ పౌరసత్వం వచ్చిన మనవాళ్లలో చాలామంది మేయర్ పట్టీని మొదటిసారి దగ్గర్నుంచి చూసేది ప్రమాణం రోజునే. కొమూనె, అంటే మున్సిపాలిటీ, భవనంలో ఒక గది, ఒక బల్ల, ఆ బల్ల వెనక కుడి భుజం మీంచి నడుము దాకా ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు పట్టీ వేసుకున్న మనిషి. రిపబ్లిక్‌కి విధేయంగా ఉంటానని, రాజ్యాంగాన్నీ చట్టాలనూ పాటిస్తానని ఇటాలియన్‌లో ఒక్క వాక్యం చదివితే పని అయిపోతుంది. వచ్చింది మేయరే కావచ్చు, ఆయన తరఫున మరొకరు కావచ్చు. ఆ రోజు టెన్షన్‌లో నాకు మనిషి మొహం గుర్తులేదు, పట్టీ మాత్రం గుర్తుంది.

ఆ మర్నాటి నుంచి పౌరుడిని. కొన్నాళ్లకే మేయర్ ఎన్నికలు వచ్చాయి. పోలింగ్ బూత్‌లో లేత నీలం కాగితం ఒకటి చేతికిచ్చారు. మడతలు విప్పితే బల్ల నిండిపోయింది. నిండా పేర్లు, గుండ్రటి గుర్తులు, ఖాళీ గీతలు. నాకు నచ్చిన మేయర్ అభ్యర్థి పేరు మీద ఒక్క ఇంటూ పెట్టి బయటపడ్డాను. ఓటు చెల్లింది. కానీ అందులో సగమే వాడానని, కౌన్సిల్‌కి పడాల్సిన మిగతా సగం గాలికి వదిలేశానని వారం తర్వాత ఒక స్నేహితుడు చెబితే తెలిసింది. మీరు ఆ పొరపాటు చేయకుండా మొదట్నుంచీ చెప్పుకొస్తాను.

ముందు, మీకు ఓటు ఉందా?

భారత పాస్‌పోర్టు మీద ఉంటే లేదు. ఎన్నేళ్లుగా ఉన్నా, ఎంత పన్ను కట్టినా, దీర్ఘకాలపు పెర్మెస్సో (నివాస అనుమతి కార్డు) జేబులో ఉన్నా ఇటలీలో మేయర్ ఎన్నికల్లో ఓటు ఇవ్వరు. మిలాన్, టొరీనో పాలిటెక్నిక్‌లలో చదువుకుంటున్న పిల్లలు దీన్ని ఇక్కడే ఆపేయనక్కర్లేదు. మేయర్ దగ్గర ఏ పని అవుతుంది, ఏది కాదు అన్నది మీకూ పనికొచ్చేదే. అది కింద చెప్తాను.

యూరోపియన్ యూనియన్‌లోని మరో దేశం పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి ఓటు ఉంది కానీ దానంతటది రాదు. మీరు నివాసం ఉంటున్న కొమూనెలో ‘లిస్తా అజ్జున్తా’ అనే అదనపు ఓటర్ల జాబితాలో చేర్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. పోలింగ్‌కి సుమారు 40 రోజుల ముందే గడువు ముగుస్తుంది. ఊళ్లో పోస్టర్లు కనిపించాక చూద్దాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం. ఈ జాబితాలో ఉన్నవాళ్లు కౌన్సిలర్‌గా నిలబడొచ్చు, మేయర్‌గానో ఉప మేయర్‌గానో మాత్రం కుదరదు.

ఇటలీ పౌరసత్వం తీసుకున్నవాళ్లని కొమూనెయే జాబితాలోకి ఎక్కిస్తుంది. మనలాంటి బయటి దేశాలవాళ్లకి 1992 నాటి చట్టం ప్రకారం పదేళ్ల నివాసం కావాలి. దాన్ని ఐదేళ్లకి తగ్గించమంటూ 2025 జూన్‌లో జరిగిన రెఫరెండం ఓటింగ్ శాతం చాలక వీగిపోయింది. ఒకసారి పౌరులైతే మాత్రం పుట్టుక ఎక్కడన్న తేడా లేదు. ఓటే కాదు, మేయర్‌గా పోటీ కూడా చేయొచ్చు. ఫ్లోరెన్స్‌లో ఉఫ్ఫీత్సి మ్యూజియం డైరెక్టర్‌గా పనిచేసిన ఐకె ష్మిట్ జర్మనీలో పుట్టినవాడు. 2023లో ఇటలీ పౌరుడై, మరుసటి ఏడే అదే ఊరికి మేయర్ అభ్యర్థి అయ్యాడు. రెండో రౌండ్‌లో సారా ఫునారో చేతిలో ఓడిపోయాడనుకోండి. ఆవిడ ఫ్లోరెన్స్‌కి మొదటి మహిళా మేయర్.

ఇటలీ పాస్‌పోర్టు తీసుకుని లండన్ వెళ్లి స్థిరపడ్డవాళ్లకి ఒక మాట. పార్లమెంటు ఎన్నికల్లోలాగా పోస్టులో బ్యాలెట్ రాదు. మేయర్‌కి ఓటు వేయాలంటే ఆ ఊరు రావాల్సిందే.

మీ మేయర్ ఎవరో సరిచూసుకోండి

వింతగా అనిపించొచ్చు కానీ ఇక్కడ పొరబడేవాళ్లు చాలామంది. ఇటలీలో దాదాపు 7,900 కొమూనెలు ఉన్నాయి, ప్రతిదానికీ ఒక మేయర్. ఇటాలియన్‌లో సిందకో అంటారు. ‘మిలాన్‌లో ఉంటున్నాం’ అని ఇంటికి ఫోన్‌లో చెప్పుకునేవాళ్లలో కొందరి ఇల్లు నిజానికి సెస్తో సాన్ జొవాన్నిలో ఉంటుంది. మెట్రో ఒకటే, రోడ్డు ఒకటే, మేయర్ మాత్రం వేరు. రెసిదెన్సా, అంటే నివాసం, ఏ కొమూనెలో రాయించుకున్నారో ఆ ఊరి మేయర్‌కే మీ ఓటు.

అలాగే ఊరి జనాభా 15,000 దాటిందో లేదో చూసుకోండి. ఓటు వేసే పద్ధతి దాన్నిబట్టే మారిపోతుంది. సిసిలీ లాంటి ప్రత్యేక ప్రాంతాలకి సొంత చట్టాలు ఉన్నాయి. సిసిలీలో మొదటి రౌండ్‌లో 40 శాతం తెచ్చుకున్నా గెలిచినట్టే. నేను చెప్పేది మిగతా ఇటలీ గురించి.

ఏది చూసి ఓటు వేయాలి?

ప్రచారంలో అందరూ అన్నీ చేస్తామంటారు. అది మనకి కొత్తేం కాదు. మేయర్ చేతిలో ఏముందో తెలిస్తే సగం మాటలు వాటంతటవే రాలిపోతాయి.

పెర్మెస్సో రెన్యువల్ మేయర్ చేతిలో లేదు. అది క్వెస్తూరా పని, అంటే కేంద్ర ప్రభుత్వపు పోలీసు విభాగం. ఆసుపత్రులు, ఫ్యామిలీ డాక్టర్లు రీజియన్ ప్రభుత్వం కిందకి వస్తాయి. ప్రెఫెత్తొ అని ఒక అధికారి ఉంటాడు, మన కలెక్టర్‌ని గుర్తుచేసే మనిషి. ఆయన్ని రోమ్ పంపిస్తుంది, ఎవరూ ఎన్నుకోరు.

మేయర్ చేతిలో ఉన్నవి రోజువారీ సంగతులు. పసిపిల్లల్ని చూసుకునే నీదో (క్రెష్), బడిలో మధ్యాహ్నం భోజనం, చెత్త సేకరణ, దానికి కట్టే తారి పన్ను, ఊరి రోడ్లు, పార్కులు, స్థానిక పోలీసులు, ఎక్కడ ఎంత ఎత్తు కట్టొచ్చో చెప్పే ప్లాను. మిలాన్‌లో బస్సులు, ట్రాములు, మెట్రో నడిపే ఏటీఎం కంపెనీ యజమాని కొమూనెయే. ఊరి నడిబొడ్డులోకి కారు తీసుకెళ్తే డబ్బు కట్టించుకునే ‘ఏరియా చి’ 2012లో మొదలైంది, అదీ కొమూనె నిర్ణయమే.

ఇంకో వేషం కూడా ఉంది. మేయర్ ఊరి పెద్దే కాదు, కొన్ని పనుల్లో ప్రభుత్వ అధికారి కూడా. జననాలు, పెళ్లిళ్లు, మరణాలు రాసుకునే స్తాతో చివీలె, నివాసం రాసుకునే అనాగ్రఫె ఆయన పేరు మీదే నడుస్తాయి. కుండపోత వాన హెచ్చరిక వస్తే రేపు బడులు మూసేయమని ఆదేశం ఇచ్చేది ఆయనే. తీవ్రమైన మానసిక జబ్బుతో ఉన్న మనిషిని ఇష్టం లేకపోయినా ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, డాక్టర్లు రాసిచ్చిన కాగితం మీద ఉత్తర్వు ఇచ్చేదీ మేయరే. అంటే మీరు ఎన్నుకునేది రిబ్బన్ కత్తిరించే మనిషిని కాదు. మిలాన్, రోమ్ లాంటి పెద్ద నగరాల్లో మేయర్ అయితే చాలు, చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ కలిపిన మెట్రోపాలిటన్ సిటీకి కూడా పెద్ద అయిపోతారు.

సహాయకులైన అస్సెస్సొరెలను మేయరే నియమిస్తారు, వద్దనుకుంటే తీసేస్తారు. వాళ్లందరూ కలిస్తే జున్తా. మన కార్పొరేషన్లలో ఇప్పుడు కార్పొరేటర్లు కూర్చుని మేయర్‌ని ఎన్నుకుంటున్నారు కదా, ఇటలీలోనూ 1993 దాకా దాదాపు అంతే. కౌన్సిలర్లు ఎన్నుకునేవారు, పార్టీల బేరాల్లో మేయర్లు మధ్యలోనే మారిపోయేవారు. 1993 మార్చి 25న వచ్చిన 81వ నంబరు చట్టం మేయర్‌ని నేరుగా జనమే ఎన్నుకోవాలంది. అప్పట్నుంచి అభ్యర్థి మనిషి ఎవరన్నది పార్టీతో సమానంగా లెక్కకొచ్చింది. ఎర్రజెండా కంచుకోట అనిపించుకున్న బొలోన్యాలో 1999లో జొర్జో గ్వాద్జలోకా అనే మాంసం దుకాణం యజమాని మేయర్‌గా గెలిచి అందర్నీ నోరెళ్లబెట్టేలా చేశాడు.

కార్డు, తేదీ చూసుకోండి

ఎన్నికలు మామూలుగా ఏప్రిల్ 15, జూన్ 15 మధ్యలో ఒక ఆదివారం వస్తాయి. కోవిడ్ వల్ల 2021లో అక్టోబరుకి జరిగాయి. మిలాన్, రోమ్, టొరీనో, నాపొలి, బొలోన్యా అన్నీ అప్పుడు ఓటు వేసినవే. కాబట్టి వాటి తర్వాతి ఎన్నికలు 2027 వసంతంలో.

మీకు కావలసినవి రెండు: ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, తెస్సెరా ఎలెత్తొరాలె. రెండోది ఓటరు కార్డు. మన దగ్గరిలా ప్లాస్టిక్ కార్డు కాదు, మడతపెట్టిన మందపాటి కాగితం. లోపల 18 గళ్లు. ఓటు వేసిన ప్రతిసారీ ఒక గడిలో ముద్ర వేస్తారు. గళ్లు నిండిపోతే కొమూనె ఎన్నికల ఆఫీసులో ఉచితంగా కొత్తది ఇస్తారు. పోలింగ్ రోజుల్లో కూడా ఆ ఆఫీసు తెరిచే ఉంటుంది, కానీ అప్పుడు లైను చూస్తే తిరుపతి గుర్తొస్తుంది. ముందు వారమే వెళ్లండి. మీరు ఓటు వేయాల్సిన బడి, మీ బూత్ నంబరు కార్డు మీదే ఉంటాయి.

నీలం కాగితం: అసలు పని ఇక్కడే

జనాభా 15,000 దాటిన ఊళ్లో బ్యాలెట్ ఇలా ఉంటుంది. ప్రతి మేయర్ అభ్యర్థి పేరూ ఒక పెట్టెలో. ఆ పెట్టెని ఆనుకుని ఆ అభ్యర్థికి మద్దతిస్తున్న పార్టీల, స్థానిక కూటముల గుండ్రటి గుర్తులు, ఒకటి ఉండొచ్చు, పది ఉండొచ్చు. ఈ గుర్తు ఒక్కొక్కటీ కౌన్సిలర్ అభ్యర్థుల ఒక జాబితా. గుర్తు పక్కన రెండు ఖాళీ గీతలు. ఎవరి పెట్టె ఎక్కడ ఉండాలన్నది లాటరీ తీసి నిర్ణయిస్తారు, పైన ఉన్నవాళ్లు గొప్పవాళ్లేం కాదు.

ఒకే కాగితం మీద మీరు రెండు నిర్ణయాలు చేస్తున్నారు: మేయర్ ఎవరు, కౌన్సిల్‌లో ఎవరు. ఇంటూ ఎక్కడ పెట్టారన్నదాన్నిబట్టి ఫలితం మారుతుంది.

మేయర్ పేరు మీద మాత్రమే పెడితే ఓటు మేయర్‌కే. కౌన్సిల్‌కి ఏమీ వెళ్లదు. నేను చేసిందిదే.

పార్టీ గుర్తు మీద మాత్రమే పెడితే ఆ జాబితాకీ ఓటు, దానితో కలిసి ఉన్న మేయర్‌కీ ఓటు. ఒక్క గీతతో రెండు పనులు.

ఒక అభ్యర్థి పేరు మీద, వేరే అభ్యర్థి వైపున్న పార్టీ గుర్తు మీద పెట్టొచ్చా? పెట్టొచ్చు. దీన్ని వోతో దిస్‌జున్తో అంటారు, విడదీసిన ఓటు. మనిషి ఈవిడ కావాలి, పార్టీ మాత్రం ఆ పార్టీ అనుకునేవాళ్ల కోసం. అలాగని ఇద్దరు మేయర్ల పేర్ల మీద గీస్తే మొత్తం చెల్లదు.

ఇక ఆ ఖాళీ గీతలు. జాబితాలోంచి మీకు నచ్చిన కౌన్సిలర్ అభ్యర్థుల ఇంటిపేర్లు స్వయంగా రాయాలి, ఇద్దరి దాకా. ఇద్దరూ అదే జాబితాలోవాళ్లు అయ్యుండాలి, ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ అయ్యుండాలి. 2012 నుంచి ఉన్న నిబంధన ఇది. ఇద్దరు మగవాళ్ల పేర్లు రాస్తే రెండోది కొట్టేస్తారు. ఒకే ఇంటిపేరు ఇద్దరికి ఉంటే పూర్తి పేరు రాయండి. జాబితాలో ఏ వరసలో ఉన్నారన్నది లెక్కలేదు, ఎవరి పేరు ఎక్కువమంది రాస్తే వాళ్లే కౌన్సిల్‌కి వెళ్తారు. మిలాన్ కౌన్సిల్‌లో 48 సీట్లు. కొన్ని జాబితాల్లో కొద్ది ఓట్ల తేడాతో సీటు చేతులు మారుతుంది. మనలాంటి చిన్న సమూహాలకి నిజమైన పట్టు మేయర్ పెట్టెలో కాదు, ఈ రెండు గీతల్లో ఉందని నా అభిప్రాయం. ఒక ఇటాలియన్ ఇంటిపేరు తప్పులేకుండా రాయడం కష్టమనిపిస్తే ఇంట్లోనే నాలుగుసార్లు రాసి చూసుకోండి. నవ్వకండి, నేను రెండోసారి అదే చేశాను.

15,000 లోపు ఊళ్లో గొడవ తక్కువ. ఒక మేయర్‌కి ఒకే జాబితా. పేరు మీద పెట్టినా గుర్తు మీద పెట్టినా ఓటు రెండింటికీ చేరుతుంది, విడదీయడం కుదరదు. ఒక్క రౌండే, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుపు. 5,000 లోపు ఊళ్లో అయితే ఒక్క పేరే రాయాలి.

బూత్ లోపల

ఈ మధ్య ఎన్నికల్లో ఆదివారం ఉదయం 7 నుంచి రాత్రి 11 దాకా, సోమవారం 7 నుంచి మధ్యాహ్నం 3 దాకా పెడుతున్నారు. ఈవీఎం లేదు, వేలికి సిరా లేదు. ఒక పెన్సిల్ ఇస్తారు. మామూలు పెన్సిల్‌లా కనిపిస్తుంది కానీ రబ్బరుతో పోదు. దాన్ని మతితా కొపియాతీవా అంటారు. మీ సొంత పెన్ను తీశారో ఓటు పాడైనట్టే. ఫోన్ లోపలికి తీసుకెళ్లకూడదు, బల్ల దగ్గర ఇచ్చేయాలి. ఓటు వేసినట్టు ఫోటో తీసి ఎవరికో చూపించడం అనే వ్యాపారాన్ని ఆపడానికే ఈ నిబంధన. తప్పు గీత పడితే కంగారుపడి కొట్టేయకండి. ప్రెసిదెంతె అనే బూత్ అధికారికి చెప్పి కొత్త బ్యాలెట్ అడగండి. కాగితం తెర వెనకే మడవాలి. వచ్చేటప్పుడు పెన్సిల్ తిరిగి ఇచ్చేయండి. పట్టుకొచ్చేస్తే జరిమానా ఉంది, నిజంగానే.

రెండు వారాలు ఊరు వదలకండి

పెద్ద ఊళ్లో సగానికి పైగా ఓట్లు ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండు వారాల తర్వాత బల్లొత్తాజ్జో జరుగుతుంది. అదే కార్డు, అదే బడి. కాగితం మీద ఈసారి రెండే పేర్లు. మొదటి రౌండ్‌లో వేయనివాళ్లు కూడా ఇప్పుడు వేయొచ్చు.

ముందున్నవాడు గెలుస్తాడులే అని ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో టొరీనోని అడగండి. 2016లో పియెరో ఫస్సీనోకి మొదటి రౌండ్‌లో దాదాపు 42 శాతం, కియారా అప్పెన్దీనోకి 31 శాతం లోపే. రెండో రౌండ్‌లో ఆవిడ 54 శాతం పైన తెచ్చుకుని గెలిచింది. ఓడినవాళ్ల జాబితాలు మొదటి రౌండ్ అయిన వారంలోపు మిగిలిన ఇద్దరిలో ఒకరితో చేతులు కలపొచ్చు. దాన్ని అప్పరెన్తమెన్తో అంటారు, ఇంచుమించు చుట్టరికం కలుపుకోవడం. 2022లో వెరోనాలో కుడి పక్షం రెండుగా చీలింది. రెండో స్థానంలో ఉన్న స్బొఆరీనా, మూడో స్థానంలో ఉన్న తోసి ఓట్లు కలిపితే సగం దాటేవి. కానీ స్బొఆరీనా ఆ చుట్టరికం వద్దన్నాడు. ఒకప్పటి రోమా ఫుట్‌బాలర్ దమియానో తొమ్మాసి మేయర్ అయ్యాడు.

గెలిచిన మేయర్ వైపు జాబితాలకి మామూలుగా కౌన్సిల్‌లో 60 శాతం సీట్లు దక్కుతాయి, పని ఆగకుండా. కానీ మొదటి రౌండ్‌లో ఎదుటి పక్షం జాబితాలకే సగానికి పైగా ఓట్లు పడి ఉంటే ఆ బోనస్ రాదు. 2017లో లెచ్చెలో ఇదే జరిగింది. కార్లో సల్వెమిని మేయర్‌గా గెలిచాడు, కౌన్సిల్‌లో మెజారిటీ మాత్రం ప్రత్యర్థులది. ఇటాలియన్లు దీన్ని కుంటి బాతు అంటారు. 2019 మొదట్లో రాజీనామా చేసి, అదే ఏడు మళ్లీ నిలబడి గెలిచాడు. విడదీసిన ఓటు వేసేముందు ఈ బాతు ఒకసారి గుర్తుకొస్తే మంచిది.

గెలిచాక

పదవీకాలం ఐదేళ్లు. 15,000 దాటిన ఊళ్లలో వరసగా రెండుసార్లే. 2024 నుంచి 5,000 నుంచి 15,000 మధ్య ఊళ్లలో మూడుసార్లు, అంతకన్నా చిన్న ఊళ్లలో ఎన్నిసార్లైనా. మిలాన్‌లో 2016లో, 2021లో గెలిచిన జుసెప్పె సాలా 2027లో నిలబడలేకపోవడానికి కారణం ఇదే.

మధ్యలో దించొచ్చా? కౌన్సిలర్లు దించగలరు, కానీ మేయర్ పోతే కౌన్సిల్ కూడా పోతుంది. అందుకే తొందరపడరు. 2015లో రోమ్ మేయర్ ఇన్యాత్సియో మరీనో రాజీనామా ఇచ్చాడు. చట్టం ఇచ్చిన 20 రోజుల గడువు దాటకముందే దాన్ని వెనక్కి తీసుకున్నాడు. మర్నాడే 48 మంది కౌన్సిలర్లలో 26 మంది కలిసి రాజీనామా చేశారు. అంతటితో అందరూ ఇంటికి, ఊరికి ప్రభుత్వం పంపిన కమిషనర్. 2016లో జరిగిన ఎన్నికల్లో వర్జీనియా రజ్జి రోమ్‌కి మొదటి మహిళా మేయర్‌గా వచ్చింది.

లెక్కింపు సోమవారం మధ్యాహ్నం పోలింగ్ ముగియగానే మొదలవుతుంది, హోం శాఖ వెబ్‌సైట్ ‘ఎలీజెన్దో’లో బూత్‌ల లెక్కలు వస్తుంటాయి. ఆ తర్వాత కొద్ది రోజులకి కౌన్సిల్ మొదటి సమావేశం. అందులో కొత్త మేయర్ నిలబడి, రాజ్యాంగాన్ని నిజాయితీగా పాటిస్తానని ప్రమాణం చేస్తారు. మీరు చదివిన వాక్యానికి దగ్గరి చుట్టమే అది. సమావేశం చూడటానికి ఎవరైనా వెళ్లొచ్చు, టికెట్ లేదు. కుర్చీలు తక్కువ, అరగంట ముందే వెళ్లండి.